వయసు పెరుగుతున్నా మెదడు చురుగ్గా ఉండాలంటే: ఏది ముందు, ఏది తర్వాత

“మా నాన్నగారికి అరవై ఎనిమిది. పేర్లు గుర్తుకు రావడం లేదంటున్నారు. ఏ మాత్ర వాడాలి? ఏ పజిల్ చేయించాలి?” పదే పదే వచ్చే ప్రశ్నలు ఈ రెండే. రెండింటికీ నా సమాధానం ఒకటే: వాటి వంతు ఇంకా రాలేదు. బీపీ కొలవని ఇంట్లో, మాట సరిగా వినపడని మనిషి చేతిలో సుడోకు పుస్తకం పెడితే ఒరిగేది చాలా తక్కువ.

మెదడు కోసం మనం చేయగలిగిన పనుల్లో ఎక్కువ భాగం తలకు బయటే ఉన్నాయి. రక్తనాళాలు, చెవులు, కళ్ళు, కాళ్ళు, నిద్ర, మందుల పెట్టె. డిమెన్షియాకు, అంటే మతిమరుపు జబ్బుకు, దారితీసే కారణాల్లో మనం మార్చుకోగలిగినవి 14 ఉన్నాయని 2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక నియమించిన నిపుణుల కమిషన్ తేల్చింది. వాటన్నింటినీ అదుపు చేయగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసులను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని లెక్క వేసింది. అది జనాభా మొత్తానికి వేసిన లెక్క, ఒక్కో మనిషికి ఇచ్చే హామీ కాదు. అయినా చేతులు కట్టుకుని కూర్చోవలసిన పని లేదని చెప్పడానికి అది చాలు.

యాభై దాటినవారు తమ కోసం, నలభైల్లో ఉన్నవారు అమ్మానాన్నల కోసం ఇదే వరుసలో చేసుకురండి. వరుస మార్చవద్దు.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవలసినవి

- ఒక నోటుపుస్తకం, ఒక కలం. ఫోనులో రాసుకుంటే ఇంట్లో మిగతావాళ్ళకు కనిపించదు.
- జబ్బకు పట్టీ చుట్టే బీపీ యంత్రం. మణికట్టుకు పెట్టేది వద్దు.
- ఇంట్లోని మందులన్నీ వేయడానికి ఒక సంచి.
- గత రెండేళ్ళ పరీక్షల కాగితాలు.
- తోడుగా ఒక మనిషి. జీవిత భాగస్వామి కావచ్చు, కూతురు కావచ్చు, పక్కింటి స్నేహితుడు కావచ్చు.

చివరిది మొహమాటానికి చెప్పింది కాదు. అమెరికాలో 60 నుంచి 79 ఏళ్ళ వయసున్న 2,111 మందితో రెండేళ్ళు సాగిన పాయింటర్ అధ్యయనం ఫలితాలు 2025లో వచ్చాయి. వ్యాయామం, ఆహారం, మెదడుకు పని అనే సలహాలు విని ఎవరికి వారు పాటించినవారు కూడా మెరుగుపడ్డారు. కానీ ఒక పద్ధతి ప్రకారం, బృందంగా కలుస్తూ, ఎవరో ఒకరు కనుక్కుంటూ ఉండగా చేసినవారు ఇంకాస్త ఎక్కువ మెరుగుపడ్డారు.

1. మామూలు మరపేనా? ముందు తేల్చుకోండి

కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరచిపోవడం, తెలిసిన పేరు నాలుక చివర ఆగిపోయి గంట తర్వాత గుర్తుకు రావడం వయసుతో వచ్చే మార్పులే. వాటికి భయపడనక్కరలేదు.

కిందివాటిలో ఏ ఒక్కటి కొత్తగా మొదలైనా మిగతా మెట్లన్నీ పక్కన పెట్టి ముందు వైద్యుడిని కలవండి:

- ఇరవై ఏళ్ళుగా నడిచిన వీధిలో దారి తప్పడం.
- ఇప్పుడే అడిగిన ప్రశ్నను, అడిగిన సంగతే గుర్తులేక మళ్ళీ అడగడం.
- చేయి తిరిగిన వంటలో వరుస తప్పడం, పోపు ముందా పప్పు ముందా అన్న సందేహం రావడం.
- బ్యాంకు లెక్కలు, చిల్లర లెక్కలు తారుమారు కావడం.
- స్వభావం మారడం: శాంతంగా ఉండే మనిషి అనుమానాలు పెట్టుకోవడం, కలివిడిగా ఉండే మనిషి గది దాటి రాకపోవడం.

ఇంకొన్నిటికి రోజులు కాదు, గంటలు కూడా ఆగకూడదు. మూతి ఒక పక్కకు పోవడం, ఒక చేయి పడిపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతం గుర్తులు. వెంటనే 108కి ఫోను చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, ఎంత ముందు అందితే అంత మెదడు మిగులుతుంది. “కాసేపు పడుకుంటే తగ్గుతుంది” అన్న మాటకే ఎన్నో ఇళ్ళలో ఆ సమయం కరిగిపోయింది.

ఒకటి రెండు రోజుల్లోనే మనిషి అయోమయంలో పడితే అది మతిమరుపు జబ్బు కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం పడిపోవడం, న్యుమోనియా, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదైనా కావచ్చు. అదే రోజు ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది.

2. మందుల సంచి బోర్లించండి

ఇంటింటా చేయవలసిన పని ఇది. దాదాపు ఎవరూ చేయరు.

మంచం మీద పాత దుప్పటి పరచి, ఇంట్లో ఆ మనిషి వాడుతున్న ప్రతి మందునూ దాని మీద పోయండి. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు సరే. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న జలుబు మాత్రలు, గ్యాస్ మాత్రలు, ఎప్పుడో రాసిన నిద్రమాత్రలు, ఎవరో ఇచ్చిన చూర్ణాలు కూడా. అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూసి పుస్తకంలో రాయండి.

మా ఇంట్లో ఇలా చేసినప్పుడు ఒకే మందు రెండు పేర్లతో రెండు అట్టల్లో దొరికింది. ఇద్దరు వైద్యులు రాశారు. ఒకరు రాసిన సంగతి మరొకరికి తెలియదు. ఆరు నెలలుగా మా అమ్మ రెట్టింపు మోతాదు వేసుకుంటోంది. పగలంతా మత్తుగా ఉంటే వయసు అనుకున్నాం.

పుస్తకంలో ఈ పేర్లు కనిపిస్తే పక్కన గుర్తు పెట్టుకుని వైద్యుడిని అడగండి:

- నిద్రకు, ఆందోళనకు వాడే అల్ప్రజోలామ్, క్లోనజెపామ్.
- జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్.
- నరాల నొప్పులకు, నిద్రకు రాసే అమిట్రిప్టిలిన్.
- మూత్రం ఆపుకోలేకపోవడానికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్.
- ఏళ్ళ తరబడి వాడుతున్న పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, షుగరుకు మెట్‌ఫార్మిన్. ఇవి ఒంట్లో బీ12 తగ్గిస్తాయి.
- బీపీకి ఇచ్చే ‘నీటి మాత్రలు’. కొందరిలో ఇవి సోడియం తగ్గిస్తాయి.

మొదటి నాలుగు రకాలూ పెద్ద వయసులో నేరుగా మత్తును, మరపును, తూలడాన్ని తెస్తాయి.

ఇక్కడ జరిగే తప్పు: ఇది చదివి ఈ రాత్రే నిద్రమాత్ర ఆపేయడం. అల్ప్రజోలామ్ వంటివి చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు రావచ్చు. వైద్యుడి సలహాతో వారాల తరబడి కొద్ది కొద్దిగా తగ్గించాలి. అప్పటిదాకా ఆపకండి, పెంచకండి.

3. ఒకసారి రక్తం ఇచ్చి రండి

మరపులా కనిపించే కొన్ని లోపాలు రక్తపరీక్షలో దొరుకుతాయి. వైద్యుడిని ఇవి రాయమని అడగండి: బీ12, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, మూడు నెలల షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, సోడియం, క్రియాటినిన్, హిమోగ్లోబిన్.

శాకాహారులు బీ12 విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. అది మొక్కల ఆహారంలో దాదాపు దొరకదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలో ఉంటుంది. కాళ్ళ తిమ్మిర్లు, నడకలో తూలు, నీరసం, మరపు కలిసి వస్తే బీ12 తప్పక చూపించండి. ఎక్కువకాలం పట్టించుకోకపోతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడకపోవచ్చు.

షుగరు ఉన్నవారికి ఒక మాట. పెరగడం ఎంత చెడ్డదో, పడిపోవడం కూడా మెదడుకు అంతే చెడ్డది. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడేవారు తెల్లవారుజామున చెమటలు, వణుకు, తికమకతో లేస్తుంటే షుగరు కొలవండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్ళీ కొలవండి. స్పృహలో లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, 108కి ఫోను చేయండి. డెబ్బై ఐదు దాటినవారికి షుగరు లక్ష్యం కొంచెం సడలించవచ్చేమో వైద్యుడిని అడగండి.

4. బీపీని సరిగ్గా కొలవండి

మెదడులోని సన్నని రక్తనాళాలకు అధిక రక్తపోటు చప్పుడు లేకుండా హాని చేస్తుంది. తలనొప్పి వస్తేనే బీపీ అనుకోవడం మన దగ్గర బాగా పాతుకుపోయిన పొరపాటు. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు.

కొలిచే పద్ధతి:

1. కాఫీ, టీ, చుట్ట, సిగరెట్, నడక తర్వాత అరగంట ఆగండి. మూత్రానికి వెళ్ళి రండి.
2. వెన్నుకు ఆసరా ఉన్న కుర్చీలో కూర్చోండి. పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వద్దు.
3. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. మాట్లాడవద్దు, టీవీ వద్దు.
4. చేతిని బల్ల మీద గుండె ఎత్తులో ఉంచండి. పట్టీని చొక్కా మీద కాకుండా చర్మం మీద కట్టండి.
5. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ రాయండి.
6. ఇలా ఉదయం మందుకు ముందు, రాత్రి పడుకునే ముందు, వారం రోజులు.

మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతా ఆరు రోజుల సగటు తీయండి. ఆ కాగితమే వైద్యుడికి చూపించాలి. ఆస్పత్రి వరండాలో గంట నిలబడ్డాక కొలిచిన ఒక్క అంకె కంటే అది ఎంతో నమ్మదగినది.

ఎంత ఉండాలన్నది వయసును, ఇతర జబ్బులను బట్టి వైద్యుడే చెప్పాలి. 2019లో ఫలితాలు వెలువడిన స్ప్రింట్ మైండ్ అధ్యయనంలో, పై అంకెను 120 లోపు ఉంచే లక్ష్యంతో చికిత్స పొందినవారిలో డిమెన్షియాకు ముందు మెట్టు అయిన స్వల్ప మరపు తక్కువగా కనిపించింది. పోల్చింది 140 లోపు లక్ష్యం ఉన్నవారితో. అయితే ఆ అధ్యయనంలో షుగరు ఉన్నవారు లేరు.

మరో తప్పు: కూర్చుని కొలిచి సరిపెట్టుకోవడం. వారంలో ఒక రోజు లేచి నిలబడిన తర్వాత ఒకటి, మూడు నిమిషాలకు కూడా కొలవండి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే ఆ మనిషి మంచం దిగేటప్పుడు పడిపోయే ప్రమాదం ఉంది. మందు మోతాదు గురించి అడగాలి.

5. చెవులు, ఆ తర్వాత కళ్ళు

ఈ మార్గదర్శిలో మీరు ఒక్క మెట్టే పాటిస్తానంటే నేను దీన్నే చేయమంటాను. ఎందుకంటే మన ఇళ్ళలో బీపీకి మాత్ర వేస్తారు, షుగరుకు పథ్యం చేస్తారు. చెవుడును మాత్రం హాస్యం చేస్తారు.

మా పెద్దమ్మ రెండేళ్ళు ‘మతి తప్పింది’ అన్న మాట పడింది. ఏదడిగితే మరేదో చెప్పేది. పెళ్ళిళ్ళలో మూల కుర్చీలో కూర్చునేది. టీవీ ముందు కూర్చున్నా కథ చెప్పలేకపోయేది. ఒక పిల్లవాడు ఆమె చెవి దగ్గర నోరు పెట్టి ఊరి చెరువు కథ అడిగితే, గట్టు తెగిన సంవత్సరంతో సహా చెప్పింది. మతి తప్పలేదు. మేము అన్న మాటలు ఆమెకు చేరలేదు, అంతే. ఆ రెండేళ్ళు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వినికిడి తగ్గితే మెదడు మూడు విధాల నష్టపోతుంది. సగం వినిపించిన మాటను పూరించుకోవడానికే శక్తి ఖర్చయిపోయి గుర్తు పెట్టుకోవడానికి మిగలదు. శబ్దాలు అందని భాగాలకు పని తగ్గుతుంది. మనిషి జనంలోకి రావడం మానేస్తాడు.

చేయవలసిన వరుస:

1. చెవి వైద్యుడి దగ్గర గుబిలి తీయించుకోండి. కొందరికి సమస్య అక్కడితో తీరిపోతుంది. కాచిన నూనె పోయడం, పిన్నుతో గెలకడం వద్దు.
2. శబ్దం రాని గదిలో కూర్చోబెట్టి చేసే ఆడియోమెట్రీ పరీక్ష చేయించండి.
3. చెవి మిషన్ అవసరమని తేలితే ఆ పరీక్ష కాగితం ప్రకారం అమర్చినదే తీసుకోండి. కొలత లేకుండా కొన్నది శబ్దాన్నంతా పెంచుతుంది, మాటను విడదీసి వినిపించదు.
4. మొదటి వారం రోజుకు గంట, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక్క మనిషితో మాట్లాడుతూ. రెండో వారం మూడు గంటలు. తర్వాత టీవీ, ఆ తర్వాత నలుగురిలో. పెళ్ళి మండపానికి నెల తర్వాతే.
5. రెండు మూడు సార్లు వెనక్కి వెళ్ళి సరిచేయించుకోవాలి. ఇది యంత్రం లోపం కాదు, పద్ధతే అంత.

చాలా మిషన్లు నాలుగో మెట్టు దగ్గరే బీరువాలోకి వెళ్ళిపోతాయి. కొన్న రోజే సంతకు తీసుకువెళితే గిన్నెల చప్పుడు, హారన్లు ఒకేసారి మీద పడి ఎవరైనా తీసి పారేస్తారు.

చెవి మిషన్ వల్ల జ్ఞాపకశక్తికి మేలు జరుగుతుందా అన్నది 70 నుంచి 84 ఏళ్ళవారు 977 మందితో మూడేళ్ళు పరీక్షించారు. 2023లో వచ్చిన ఫలితం నిజాయితీగా చెప్పాలంటే మిశ్రమం. అందరినీ కలిపి చూస్తే తేడా కనిపించలేదు. కానీ ముప్పు కారణాలు ఎక్కువగా ఉన్న బృందంలో ఆలోచనాశక్తి తగ్గే వేగం 48 శాతం తగ్గింది. బీపీ, షుగరు ఉండి చెవులు కూడా మందగించినవారు దీన్ని తమ గురించే అనుకోవాలి.

కళ్ళ సంగతి తేలిక. ఏడాదికోసారి పరీక్ష, శుక్లాలు ఉంటే ఆపరేషన్. ‘ఇంకా ముదరాలి’ అని ఏళ్ళ తరబడి వాయిదా వేయడం పాత కాలపు మాట. షుగరు ఉంటే కంటి వెనుక పొర కూడా చూపించాలి.

6. కాళ్ళకు పని చెప్పండి

వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులతో మొదలవుతుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ వేగానికి కొలత.

అమెరికాలో 120 మంది వృద్ధులతో చేసిన ఒక పరీక్ష 2011లో ప్రచురితమైంది. వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున ఏడాది నడిచినవారి మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ దాదాపు 2 శాతం పెరిగింది. ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారిలో అది తగ్గింది.

నడక ఒక్కటే చాలదు. వారానికి మూడు రోజులు వీటిని కలపండి:

- కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పది సార్లు, రెండు విడతలు.
- వంటగది గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, ఒక్కో కాలికి పది లెక్కపెట్టేదాకా.
- మడమ ముందు మరో పాదం పెడుతూ గోడ వెంట ఇరవై అడుగులు.

మోకాళ్ళు నొప్పులంటే మానేయకండి. కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపి ఎత్తడంతో మొదలుపెట్టండి. ఎండాకాలంలో ఉదయం ఏడు లోపు ముగించండి, లేదా ఇంట్లోనే వసారాలో నడవండి. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నవారు ముందు గుండె చూపించుకోవాలి.

పడిపోకుండా చూసుకోవడం కూడా మెదడును కాపాడుకోవడమే. స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ, జారని చాప, రాత్రి వెలిగే చిన్న దీపం, ఇవి ఈ వారమే పెట్టించండి. కూరగాయలకు స్కూటరు మీద వెళ్ళే తాతగారికి కూడా హెల్మెట్ కావాలి. తలకు చిన్న దెబ్బ తగిలి, రెండు మూడు వారాల తర్వాత తలనొప్పి, మగత, నడకలో తేడా వస్తే తల స్కాను తీయించండి. లోపల నెమ్మదిగా రక్తం చేరి ఉండవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవారికి ఈ ప్రమాదం ఎక్కువ.

7. నిద్ర

ఏడు గంటల నిద్ర సుమారు లక్ష్యం. రోజూ ఒకే వేళకు లేవండి. పడుకునే వేళ దానంతట అదే కుదురుకుంటుంది. మధ్యాహ్నం కునుకు మూడు కొట్టేలోపే, అరగంట మించకుండా. మధ్యాహ్నం మూడు తర్వాత కాఫీ, టీ వద్దు. ఉదయపు వెలుగులో కాసేపు ఆరుబయట ఉండండి.

పెద్ద గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, పగలంతా తూగడం కలిసి ఉంటే నిద్ర పరీక్ష చేయించాలి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు వల్ల రాత్రంతా మెదడుకు ప్రాణవాయువు తగ్గుతూ ఉంటుంది. “హాయిగా గురక పెట్టి నిద్రపోతున్నారు” అని మురిసిపోవడం ఇక మానుకుందాం.

8. పళ్ళెంలో చేయవలసిన నాలుగు మార్పులు

మెదడుకంటూ ప్రత్యేకమైన ఆహారం వెతకనక్కరలేదు. గుండెకు మంచిదే మెదడుకూ మంచిది.

- అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, ఆకుకూర ఒక్కో గరిటె పెంచండి.
- ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే చెంచా లోపు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, మజ్జిగ మిరపకాయల్లోని ఉప్పు కూడా ఆ లెక్కలోనిదే. పచ్చడి రోజూ కాక వారానికి రెండు పూటలకు కుదించండి.
- గుప్పెడు వేరుశనగలు గానీ, బాదం పప్పు గానీ. తినేవారికి వారానికి రెండుసార్లు చేప, వేపుడు కాదు, పులుసు.
- ఒకసారి కాగిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచవద్దు.

పొగాకు ఏ రూపంలో ఉన్నా మానాలి: చుట్ట, బీడీ, గుట్కా, ఖైనీ. మద్యం ‘కొంచెమైతే మెదడుకు మంచిది’ అన్నది నమ్మకండి.

జ్ఞాపకశక్తి లేహ్యాలు, గుళికల గురించి సూటిగా చెబుతాను. జింకో అనే చెట్టు ఆకుల సారం మీద అమెరికాలో మూడు వేలమందికి పైగా వృద్ధులతో పెద్ద పరీక్ష జరిగింది. అది డిమెన్షియాను ఆపలేదని 2008లో తేలింది. సరస్వతి ఆకు పచ్చడి ఇష్టమైతే తినండి, ఆకుకూరగా మంచిదే. డబ్బాలో ఏముందో రాయని మందుకు నెలకు వేల రూపాయలు పోయకండి. ఆ డబ్బు చెవి పరీక్షకు సరిపోతుంది.

9. ఇప్పుడు మెదడుకు పని

ఇప్పటిదాకా ఆపి ఉంచిన పజిల్ వంతు ఇప్పుడు వచ్చింది. ఏ పని పెట్టుకున్నా మూడు గుణాలు ఉండాలి: కొత్తగా ఉండాలి, కాస్త కష్టంగా ఉండాలి, చూడకుండా గుర్తు తెచ్చుకోవలసి రావాలి. ఇరవై ఏళ్ళుగా పదవినోదం నింపుతున్నవారికి అది మంచి కాలక్షేపమే, కానీ కొత్త పని కాదు. వారికి పులి-మేక గానీ చదరంగం గానీ నేర్పండి. చదరంగం వచ్చినవారికి కోలాటం అడుగులు నేర్పండి.

తెలుగువారి చేతిలో ఉన్న గొప్ప సాధనం పద్యం. గణం, యతి, ప్రాస ఉన్న పద్యం గుర్తు పెట్టుకోవడానికే పుట్టినట్టు ఉంటుంది. అవధానంలో ‘ధారణ’ అన్నది ఈ శక్తికే పెట్టిన పేరు. అంత దూరం వెళ్ళనక్కరలేదు. వారానికి ఒక కొత్త పద్యం చాలు:

1. ఆదివారం: అర్థం తెలుసుకుని, పాదం పాదంగా పైకి చదివి, పుస్తకం మూసి అప్పజెప్పండి.
2. సోమవారం: పుస్తకం తెరవకుండా ప్రయత్నించండి. తడబడిన చోట మాత్రమే చూడండి.
3. బుధవారం, శనివారం: మళ్ళీ అదే.
4. రెండు వారాల తర్వాత మనవడికో మనవరాలికో వినిపించి, అర్థం చెప్పండి.

తప్పు: ఒకే రోజు యాభై సార్లు చదవడం. మధ్యలో రోజులు వదిలి, కష్టపడి గుర్తు తెచ్చుకున్నదే నిలుస్తుంది.

ఇక భాష. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు ఒకే భాష మాట్లాడేవారి కంటే సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. బడికి వెళ్ళనివారిలో కూడా ఈ తేడా కనిపించింది. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు లాభం కనిపించలేదు. అది జీవితమంతా వాడిన భాషల లెక్క కనుక, అరవైలో నేర్చుకుంటే అంతే ఫలితం వస్తుందని చెప్పలేం. కానీ మీకు ఉర్దూ, తమిళం, కన్నడం, ఒడియా ఏది వచ్చినా వాడకం తగ్గనివ్వకండి. పక్కింటివారితో వారి భాషలోనే మాట్లాడండి.

10. మనుషులు

ఒంటరితనం కూడా ఆ 14 కారణాల్లో ఒకటి. వారంలో కనీసం మూడు రోజులు ఇంటి బయటి మనిషితో ఎదురెదురుగా మాట్లాడే వేళ ఒకటి ఖాయం చేసుకోండి: భజన, గ్రంథాలయం, పార్కు బల్ల, పెన్షనర్ల సంఘం, ఏదైనా సరే.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే వీడియో ఫోనుకు రోజూ ఒక వేళ పెట్టుకోండి. పిల్లలకు నా విన్నపం: “తిన్నారా, మందులు వేసుకున్నారా” అన్న రెండు ప్రశ్నలతో ఆపకండి. గుత్తి వంకాయ కూరలో కారం ఎలా కూరాలో అడగండి. తాతగారి అన్నదమ్ముల పేర్లు వరుసగా చెప్పించుకుని రాసుకోండి. వారికి అది గుర్తు తెచ్చుకునే సాధన, మీకు మరెక్కడా దొరకని చరిత్ర.

రెండు వారాలకు మించి దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి తగ్గడం, ‘నేనెందుకు ఉన్నాను’ అన్న మాటలు వస్తే అది వయసు కాదు, కుంగుబాటు. దానికి చికిత్స ఉంది. మానసిక ఆరోగ్య సలహాకు 14416, వృద్ధుల సహాయానికి 14567 ఉచిత నంబర్లు.

11. పన్నెండు వారాల వరుస

అన్నీ ఒకేరోజు మొదలుపెట్టినవారు పదో రోజుకు అన్నీ మానేస్తారు. ఇలా పంచుకోండి:

- 1వ వారం: మందుల జాబితా, బీపీ పుస్తకం, స్నానాల గదికి కమ్మీ.
- 2వ వారం: రక్తపరీక్షలు, జాబితాతో వైద్యుడి దగ్గరికి.
- 3, 4 వారాలు: చెవి, కంటి పరీక్షలు. రోజుకు పది నిమిషాల నడక మొదలు.
- 5, 6 వారాలు: నడక ఇరవై నిమిషాలు. ఉప్పు, అన్నం మార్పులు. లేచే వేళ ఖాయం.
- 7, 8 వారాలు: నడక అరగంట. కుర్చీ వ్యాయామాలు. అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలిగారో ఏడో వారంలో ఒకసారి రాసుకోండి.
- 9 నుంచి 12 వారాలు: వారానికో పద్యం గానీ కొత్త ఆట గానీ. బయటి మనుషులతో మూడు వేళలు.

మధ్యలో జ్వరమో, పెళ్ళో వచ్చి పది రోజులు ఆగిపోతే మొదటికి వెళ్ళనక్కరలేదు. ఆగిన వారం కంటే ఒక వారం వెనక్కి వెళ్ళి అక్కడినుంచి కొనసాగించండి.

పన్నెండో వారం చివర మళ్ళీ వారం రోజులు బీపీ కొలవండి. అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో లెక్కపెట్టి, ఏడో వారం అంకె పక్కన రాయండి. మరపు గురించి మీరు ఏమనుకుంటున్నారో ఒక కాగితం మీద, ఇంట్లో తోడున్న మనిషి ఏమనుకుంటున్నారో వేరే కాగితం మీద, ఒకరిది ఒకరు చూసుకోకుండా రాయండి. రెండింటికీ పొంతన లేకపోతే, ముఖ్యంగా ‘నాకేమీ లేదు’ అని మీరు, ‘రోజురోజుకూ పెరుగుతోంది’ అని వారు రాస్తే, రెండు కాగితాలూ తీసుకుని న్యూరాలజీ వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. జ్ఞాపకశక్తి పరీక్షను తెలుగులోనే అడగమని ముందే చెప్పండి. తెలుగులో తయారైన పరీక్షలు ఉన్నాయి. బడికి వెళ్ళనివారైతే ఆ సంగతి కూడా చెప్పండి. ప్రశ్నలు, లెక్కవేసే తీరు దాన్ని బట్టి మారతాయి.